తమ్ముడు ఆర్మీకి సెలెక్ట్ అయ్యాడు, ముత్తాత బర్మా యుద్ధానికి ఎందుకెళ్ళాడో ఇప్పటికీ తెలీదు. అసలు మనవాళ్ళు ఎందుకు వెళ్తారు?

పెద్దక్క_చికిటి అడిగారు:

నమస్తే అందరికీ. మాది గంజాం జిల్లా, చికిటి దగ్గర పల్లె. ఇచ్ఛాపురం మాకు దగ్గరే, చుట్టాలు సగం మంది అటు శ్రీకాకుళం జిల్లాలో ఉంటారు, మేం ఇటు ఉండిపోయాం, ఇంట్లో తెలుగు బళ్ళో ఒడియా. విషయం ఏటంటే మా తమ్ముడు (19 ఏళ్ళు) అగ్నివీర్‌కి సెలెక్ట్ అయ్యాడు. గోపాలపూర్ రిక్రూటింగ్ ఆఫీసు వాళ్ళ ర్యాలీలో రన్నింగ్ అయిపోయింది, మెడికల్ అయిపోయింది, లిస్టులో నంబరు కూడా వచ్చేసింది, వచ్చే నెల రిపోర్ట్ చెయ్యాలి. రెండేళ్ళ నుంచి తెల్లారి నాలుగింటికి లేచి రోడ్డెంట పరిగెడుతుంటే పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడింది నేనే. 1600 మీటర్లు మొదట్లో ఏడు నిమిషాలు దాటేది, చివరికి 5 నిమిషాల 20 సెకన్లకి తెచ్చాడు, ఆ రోజు ఇద్దరం రోడ్డు మీదే గెంతేం. ఇప్పుడు నిజంగా వెళ్ళిపోతున్నాడంటే నాకు నిద్ర పట్టట్లేదు.

ఎందుకురా వెళ్తున్నావు అంటే దేశం కోసం అంటాడు. అది అబద్ధం అని నేననను. కానీ అంతేనా అంటే మాట మార్చేస్తాడు. మా ఊరి మగపిల్లలకి దారి అంటే సూరత్, లేదంటే కేరళ. మా చిన్నాన్న కొడుకు సూరత్‌లో పవర్‌లూమ్ మీద 12 గంటల షిఫ్టు చేస్తాడు, ఆ మోతకి చెవులు పోయాయి, ఇంటికొస్తే మనం గట్టిగా అరిస్తేగానీ పలకడు. అన్నయ్యని చూసే వీడు ఇటు తిరిగాడా అని నాకొక అనుమానం. లేదంటే గల్వాన్, చైనా బోర్డర్లో మన జవాన్లు 20 మంది పోయిన గొడవ. 2020లో వీడు ఎనిమిదో క్లాసు, బళ్ళు మూసేసి ఇంట్లో కూర్చున్నప్పుడు అది జరిగింది, సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారి ఫోటో ఫోన్లో పెట్టుకున్నాడు, మన పక్క కంధమాళ్ జిల్లా జవాను కూడా ఆ 20 మందిలోనే పోయాడు, ఊర్లో పిల్లలంతా కొవ్వొత్తులు పట్టుకుని తిరిగారు. ఆ ఫోటో ఇప్పటికీ తీయలేదు వీడు.

ఇంకోటి కూడా ఉంది. వీడి నంబరు వచ్చిందని చెప్పగానే మా నాన్నమ్మ అటక మీద చెక్కపెట్టె దింపించి పాత చీర ముక్కలో చుట్టిన ఒక బిళ్ళ తీసింది. ఆరు మూలల నక్షత్రం, కంచులా ఉంది, మధ్యలో కిరీటం, చుట్టూ ఇంగ్లీషులో బర్మా స్టార్ అని రాసుంది. మా ముత్తాతదట, నాన్నమ్మకి మావగారు. ఆయనా ఇలాగే వెళ్ళాడు అంది. ఎందుకెళ్ళాడు అంటే నాకేం తెలుసు, మగాళ్ళు చెప్తారా అంది. తెల్లోడికీ జపానోడికీ యుద్ధం, బర్మా అడవుల్లో, చికిటి పక్క పల్లెటూరి మనిషికి అక్కడ ఏం పని? ఇదే నన్ను తినేస్తోంది. మూడు తరాల తర్వాత మళ్ళీ ఇదే ఇంట్లోంచి ఒకడు వెళ్తున్నాడు, ఆయన ఎందుకెళ్ళాడో ఎవరికీ తెలీదు, రేపు వీడి గురించి కూడా ఎవరికీ తెలీకుండా పోతుందా అని.

మీలో వెళ్ళొచ్చినవాళ్ళు, ఇంట్లోంచి పంపినవాళ్ళు ఉంటే నిజంగా ఎందుకు వెళ్ళారో చెప్పండి. ధైర్యం చెప్పేవాళ్ళు మా వీధిలో చాలామంది ఉన్నారు, నాకు నిజం కావాలి.


జయపురం_కుర్రాడు:

అక్కా, నేను మూడు ర్యాలీలకి వెళ్ళాను, మూడుసార్లూ వెనక్కి వచ్చేశాను, ఒకసారి రన్నింగ్‌లో, రెండుసార్లు మెడికల్‌లో చెవి దగ్గర. కాబట్టి లైన్లో నిలబడ్డ సంగతి నాకు బాగా తెలుసు. రాత్రి రెండింటి నుంచి మైదానం బయట కూర్చుంటాం కదా, అక్కడ మాట్లాడుకునేది ఎవరికెంత అప్పు, ఎవరి చెల్లి పెళ్ళి ఆగింది, ఎవరి నాన్నకి ఆపరేషన్ అనే. మొదటి ఏడు చేతికి నెలకి 21 వేలు, నాలుగో ఏడు 28 వేలు, చివర్లో సేవానిధి 11 లక్షల 71 వేలు, ఈ లెక్క అందరికీ నోటికొచ్చు. నాలుగేళ్ళయ్యాక నూటికి 25 మందికి మించి ఉంచుకోరని, మిగతావాళ్ళకి పింఛను లేదని కూడా తెలుసు. తెలిసే పరిగెడుతున్నారు. డిగ్రీ చేసి నేను ఇక్కడ బట్టల షాపులో చేస్తున్నాను, నెలకి 9 వేలు. కాబట్టి మీ తమ్ముడు డబ్బు కోసం వెళ్తున్నా అందులో తప్పు చూడకండి, ఇంటి కోసం వెళ్ళడం చిన్న కారణం కాదు.

కానీ అవసరంలో ఉన్నవాడి చెవికి ఏ మాటైనా తీపిగానే ఉంటుంది. 2023లో నాతో పాటు ర్యాలీలో ఫెయిలైన ఒకడికి ఏజెంటు ఫోన్ చేశాడు, రష్యాలో హెల్పర్ పని, నెలకి లక్ష దాటి జీతం, పాస్‌పోర్టు ఉంటే చాలు అని. వాడు నిజంగా వెళ్ళిపోయేవాడే, వాళ్ళమ్మ పుస్తెలు తాకట్టు పెట్టనంది, అక్కడ ఆగింది. తర్వాత 2024లో వార్తలొచ్చాయి చూడండి, హెల్పర్ అని తీసుకెళ్ళి తుపాకీ ఇచ్చి ఉక్రెయిన్ మీదకి పంపారని, హైదరాబాద్ అబ్బాయి కూడా ఒకడు పోయాడు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్కే 126 మంది, అందులో 12 మంది చనిపోయారు. ఆ యుద్ధంలో ఎవరు ఎవరితో ఎందుకు కొట్టుకుంటున్నారో కూడా తెలీకుండా పోయారు వాళ్ళు. ర్యాలీలో ఫెయిలైన పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఇలాంటి ఫోన్లు వస్తున్నాయేమో కనుక్కోండి.

దూర యుద్ధం అన్నారు కాబట్టి ఇంకొకటి చెప్తా. మా నాన్నకి కొన్నేళ్ళు చిత్రకొండ వైపు టీ దుకాణం ఉండేది, మల్కనగిరి జిల్లా. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో లాంచీ మీద మావోయిస్టుల దాడి జరిగి 38 మంది పోయారు, ఎక్కువమంది ఆంధ్రా గ్రేహౌండ్స్ పోలీసులే, నాన్న అప్పుడు వారం రోజులు దుకాణం తియ్యలేదు. తర్వాత అటు బీఎస్‌ఎఫ్ క్యాంపులు వచ్చాయి. రాజస్థాన్ జవాను ఒకాయన టీ కోసం వచ్చి నాన్నతో అనేవాడట, పోస్టింగ్ ఆర్డర్ వచ్చేదాకా మల్కనగిరి అనే ఊరుందని నాకు తెలీదు, మా అమ్మ నేను పాకిస్తాన్ బోర్డర్లో ఉన్నాననుకుంటోంది, ఇక్కడ మలేరియాతో రెండుసార్లు పడ్డానని చెప్పలేదు అని. మనం పుట్టి పెరిగిన ఊరే ఆయనకి దూర దేశం. ఆ మాట నాన్న చెప్పినప్పటి నుంచి నాకు క్యాంపు ముందు నుంచి వెళ్తే అటు చూడకుండా ఉండలేను.


హవల్దార్_పర్లాకిమిడి:

తల్లీ, నేను 1984లో చేరి 2008లో హవల్దార్‌గా దిగిపోయాను, ఏఎస్‌సీలో, అంటే సైన్యానికి సరుకులు చేర్చే విభాగంలో డ్రైవర్ని. నా టైపింగు నెమ్మది, తప్పులుంటే సర్దుకోండి.

పైన బాబు చెప్పింది నిజమే, నేను చేరేటప్పటికి మా నాన్న పోయి ఏడాది, రెండెకరాల పల్లం తాకట్టులో ఉంది, చోళ్ళ అంబలి, తరవాణి తాగి బతికేం. కానీ ఆకలొక్కటే అయితే నేను జూట్ మిల్లుకి వెళ్ళాలి, మా మావయ్య విజయనగరం అటు మిల్లులో ఉండేవాడు, తీసుకెళ్తానని రెండుసార్లు వచ్చాడు. నేను వెళ్ళలేదు. ఎందుకో చాలా ఏళ్ళకి గానీ నాకే అర్థం కాలేదు. మా వీధిలో ఒకాయన మిలట్రీలో ఉండేవాడు, ఏడాదికోసారి చిన్న రైలు దిగి నల్ల ట్రంకు మోయించుకుని నడిచి వచ్చేవాడు. ఊరి బుగత, అంటే భూస్వామి, అరుగు మీద కూర్చుంటే మా వాళ్ళెవరం ఆ అరుగెక్కకూడదు, కింద నిలబడి మాట్లాడాలి, మా నాన్న చచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ మిలట్రీ ఆయన వస్తే మాత్రం బుగత ఎప్పుడొచ్చావు బాబూ అని లోపల్నుంచి కుర్చీ తెప్పించేవాడు. ఆయనదీ మా కులమే. నేను చూసింది తుపాకీ కాదు, యూనిఫారం కూడా కాదు తల్లీ, ఆ కుర్చీ. ఆ కుర్చీ కోసం నేను ఎంత దూరమైనా వెళ్ళేవాణ్ణి, వెళ్ళాను కూడా.

1987లో శ్రీలంక. ఆ దేశం గురించి నాకు తెలిసింది రేడియో సిలోన్ ఒకటే. జులై 29న మన ప్రభుత్వానికీ వాళ్ళ ప్రభుత్వానికీ ఒప్పందం అయింది, శాంతి కాపాడ్డానికి వెళ్తున్నాం, యుద్ధం కాదు అన్నారు. ముందు వెళ్ళినవాళ్ళకి అక్కడి తమిళులు దండలేసి హారతిచ్చారట. మేం చేరేసరికి అక్టోబరు దాటింది, జాఫ్నాలో ఎల్‌టీటీఈ తమిళ పులులతో కాల్పులు మొదలైపోయాయి, దండలు వేసిన చేతులే తలుపులేసుకున్నాయి. నా పని శక్తిమాన్ బండిలో రేషనూ నీళ్ళూ మందుగుండూ ముందున్నవాళ్ళకి చేర్చడం. రోడ్డు కింద మందుపాతర పెట్టేవాళ్ళు, తారు కొత్తగా కనిపిస్తే గుండె ఆగేది. ఒకరోజు నా ముందు బండి లేచిపోయింది. అందులో ఉన్నవాడు బెంగుళూరులో నాతో ట్రైనింగ్ చేసినవాడు, పక్క మంచం వాడిది, సోంపేట దగ్గర ఊరు, వాడి సెలవు చీటీ అప్పటికే శాంక్షన్ అయ్యింది. ఇద్దరం కలిసి రైలెక్కాలనుకున్నాం.

మర్నాడు నేను మళ్ళీ అదే రోడ్డు మీద బండి తోలాను. నువ్వు అడిగింది దీని గురించే అని నాకనిపిస్తోంది. ఎందుకు తోలావు అంటే, దేశం గుర్తు రాలేదు, కుర్చీ గుర్తు రాలేదు, జీతం అసలే గుర్తు రాలేదు. నేను దిగిపోతే నా వెనక బండివాడు ముందుకి రావాలి. వాడు 20 ఏళ్ళ కుర్రాడు. ముందు పోస్టులో నీళ్ళ కోసం కూర్చున్నవాళ్ళు ఉన్నారు. అంతే. ఇంటినుంచి బయల్దేరింది ఒకందుకు, అక్కడ నిలబడింది ఇంకొకందుకు. ఆ రెండోది బయల్దేరేటప్పుడు ఎవడికీ తెలీదు, మీ తమ్ముడు నీకు చెప్పలేకపోతున్నాడంటే దాస్తున్నాడనుకోకు, వాడింకా అక్కడికి చేరలేదు.

1990 మార్చికి మన సైన్యం మొత్తం వచ్చేసింది. దగ్గర దగ్గర 1200 మంది అక్కడే పోయారు. మనం ఎందుకు వెళ్ళాం, ఏం సాధించాం అని నన్నెవరైనా అడిగితే నాకు జవాబు లేదు, ఆ జవాబు చెప్పాల్సింది పంపినవాళ్ళు. ఇప్పుడు కొలంబో దగ్గర వాళ్ళ పేర్లు చెక్కిన స్మారకం కట్టారు. మా అబ్బాయి ఫోన్లో ఫోటో చూపిస్తే వాడి పేరు ఉందేమో అని పెద్దది చేసి చూశాను, అక్షరాలు ఆనలేదు.


పాతకాగితాల_మాస్టారు:

బరంపురంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అమ్మాయీ, మీ ముత్తాత గారి విషయంలో నాకు తోచింది రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు ఒక సంగతి. మన తీరం వాళ్ళు ఎవరి యుద్ధాలకో వెళ్ళడం కొత్త కాదు. కంపెనీ రోజుల్లో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకి తీసుకెళ్ళిన సిపాయిల్లో తెలుగువాళ్ళు ఉండబట్టి అక్కడ సిపాయి అనేవాడినే తెలింగా అని పిలిచారు, వాడు ఏ భాషవాడైనా సరే. అంటే మన జాతి పేరు అక్కడ ఒక ఉద్యోగం పేరు అయిపోయింది. అలాగని పొమ్మంటే పోయారనీ కాదు. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో సర్కారు జిల్లాల సిపాయిలని ఓడెక్కించి హైదరాలీ మీద యుద్ధానికి మద్రాసు పంపబోతే, మేం సముద్రం మీద వెళ్ళం అని తిరగబడ్డారు. 1857కి 77 ఏళ్ళ ముందు. నేను క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా పిల్లలు బుర్ర ఎత్తి చూసేవాళ్ళు, పరీక్షలో రాదు కాబట్టి పుస్తకంలో ఉండేది కాదు. ఎందుకు వెళ్తారు అని అడిగేటప్పుడు వెళ్ళనన్నవాళ్ళని కూడా గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత 1857 అయ్యాక తెల్లవాళ్ళు యుద్ధజాతులు అని ఒక లెక్క తెచ్చారు, పంజాబీలు, పఠాన్లు, గూర్ఖాలు పనికొస్తారు, మద్రాసీలు పనికిరారు అని. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే ఎత్తేశారు. అదే మద్రాసీలు పెద్ద యుద్ధాలు రాగానే మళ్ళీ పనికొచ్చారు. మొదటి యుద్ధంలో 13 లక్షలమంది మనవాళ్ళు బయటి దేశాలకి వెళ్తే 74 వేలమంది తిరిగి రాలేదు, సిపాయి జీతం నెలకి 11 రూపాయలు. రెండో యుద్ధంలో 25 లక్షలమంది, పోయినవాళ్ళు 87 వేలు. నిర్బంధం లేదు, అందరూ సంతకం పెట్టో వేలిముద్ర వేసో చేరినవాళ్ళే అని పుస్తకాల్లో గొప్పగా రాస్తారు. ఇంట్లో గింజలు లేనివాడు వేసిన వేలిముద్రని ఇష్టపడి చేరడం అనొచ్చా అన్నది నాకు ఇప్పటికీ తేలని ప్రశ్న.

ఇప్పుడు మీ బిళ్ళ. 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 దాకా బర్మా యుద్ధంలో పనిచేసినవాళ్ళకి ఇచ్చింది అది. తుపాకీ పట్టినవాళ్ళకే కాదు, రోడ్లు వేసిన పయనీర్లకి, లారీలు తోలినవాళ్ళకి, వంటవాళ్ళకి కూడా వచ్చింది. మన వైపు నుంచి పయనీర్ కంపెనీల్లోకి చాలామంది వెళ్ళారు. అయితే చికిటి మనిషికి బర్మాలో ఏం పని అన్నావు చూడు, అక్కడ నాకు నీతో పేచీ ఉంది. ఆ రోజుల్లో మన గంజాం కూలివాళ్ళకి మద్రాసు, కలకత్తాల కంటే బర్మాయే బాగా తెలుసు. గోపాలపూర్ రేవులో ఓడెక్కితే రంగూన్‌లో దిగడమే. అక్కడి రేవులో మూటలు మోసింది, రిక్షాలు లాగింది, బియ్యం మిల్లుల్లో చేసింది చాలావరకు గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల తెలుగువాళ్ళే. మన ముసలివాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి, అప్పటినుంచి లక్షలమంది మనవాళ్ళు కాలినడకన ఇండియాకి బయల్దేరారు, కొందరు అరకాన్ కొండల మీంచి, కొందరు తాము మీదుగా మణిపూర్‌కి. కలరాతో, ఆకలితో దారిలో వేలమంది పడిపోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి, అంటే తెల్లోడి యుద్ధం అని దూరంగా కూర్చునే వీలు కూడా మన తీరానికి లేకపోయింది.

అందుకని మీ నాన్నమ్మ గారిని ఎందుకు వెళ్ళాడు అని అడక్కు. సైన్యానికి వెళ్ళకముందు ఆయన రంగం వెళ్ళాడా అని అడుగు.


గుణుపూర్_అమ్మ:

మాస్టారికి నమస్కారం, హవల్దార్ గారికి నమస్కారం. చెల్లీ, నీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే పెళ్ళై పదకొండేళ్ళయినా ఎందుకు వెళ్తున్నావు అని నేను మా ఆయన్ని ఎప్పుడూ అడగలేదు, ఎప్పుడొస్తావు అనే అడిగాను. ఆయన ఏడాది యూఎన్ మిషన్‌కి దక్షిణ సూడాన్ వెళ్ళొచ్చారు. తనే పేరిచ్చుకున్నారు. అక్కడ ఇచ్చే డబ్బుతో స్లాబ్ ఇల్లు వేద్దామని. ఆ దేశం ఎక్కడుందో మా పాప గ్లోబులో వేలు పెట్టి చూపిస్తే చూశాను. 2013లో అక్కడ మన జవాన్లు చనిపోయిన సంగతి ఆయన వచ్చాక చెప్పారు, ముందే చెప్పి ఉంటే వెళ్ళనిచ్చేదాన్ని కాదు, అందుకే చెప్పలేదు. ఇల్లు అయింది. వాన పడ్డప్పుడు ఇప్పుడు గిన్నెలు పెట్టక్కర్లేదు, కానీ ఆ ఏడాది నేను ఎలా గడిపానో ఈ ఇంట్లో ఏ గోడా చెప్పదు. నెట్‌వర్క్ దొరికితే ఫోను, లేకపోతే లేదు, ఒకసారి తొమ్మిది రోజులు లేదు. పదో రోజు ఫోనొస్తే నేను మాట్లాడలేదు, ఏడుస్తూ గ్యాస్ బుక్ అయిందా అని అడిగాను, ఆయన ఇక్కడ గ్యాస్ ఎందుకు అన్నారు.

మీ అమ్మ తినట్లేదేమో, ముందు ఆవిడ సంగతి చూడు. ఇంకా కొన్ని పనులు ఇప్పుడే చేసుకోండి. ఫారాల్లో నామినీ ఎవరి పేరు రాస్తున్నాడో అందరూ కూర్చుని మాట్లాడుకోండి, చెడు మాట అని దాటెయ్యొద్దు. ఆధార్‌లో, పదో క్లాసు సర్టిఫికెట్లో, బ్యాంకులో పేరు ఒకేలా ఉందా చూడండి. మన తెలుగు ఇంటిపేరు ఒడియాలో రాసి అక్కడినుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి మూడు రకాలైపోతుంది, మా ఆయన పేరుకి అదే జరిగి నా పేరు సర్వీసు రికార్డులో ఎక్కడానికి, పార్ట్ టూ ఆర్డర్ అంటారు దాన్ని, ఏడాదిన్నర పట్టింది. అంతవరకు ఆ కాగితాల లెక్కలో నేను ఆయనకి ఏమీ కాను.


పెద్దక్క_చికిటి:

అందరికీ చాలా చాలా థాంక్స్. మాస్టారూ, మీరు చెప్పినట్టే అడిగాను. రాయడానికి రెండు రోజులు పట్టింది.

రంగం వెళ్ళాడా అనగానే నాన్నమ్మ, వెళ్ళకపోవడమేటి, రంగం నుంచి నడిచొచ్చాడు కదా అంది. ఈ మాట నేను చిన్నప్పటినుంచి వింటూనే ఉన్నాను మాస్టారూ! రంగం అంటే ఏదో పక్క తాలూకా ఊరనుకున్నాను. మా ముత్తాత, ఆయన తమ్ముడు ఇద్దరూ అక్కడ రేవులో మూటలు మోసేవాళ్ళట. బాంబులు పడ్డాక ఇద్దరూ కలిసి బయల్దేరారు. మణిపురం కొండలింకా దాటకముందే తమ్ముడికి వాంతులు విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళు కావాలన్నాడట. నీళ్ళకి కిందికి దిగి వచ్చేసరికి జనం కదిలిపోయారు, తమ్ముడు చెట్టు కింద అలాగే ఉన్నాడు. కప్పెట్టడానికి చేతిలో ఏమీ లేదు, ఆకులు కప్పి వచ్చేశాడు. ఇంటికొచ్చి వాళ్ళమ్మకి ఏం చెప్పాడో తెలీదు. ఏడాది తిరక్కుండా పట్నం వెళ్ళి పటాలంలో చేరాడు, అక్కడ రోడ్లు వేశాడు అనే నాన్నమ్మకి తెలుసు. యుద్ధం అయ్యాక పంపేశారు, పింఛనూ లేదు ఏమీ లేదు, ఈ బిళ్ళ, ఒక దుప్పటి.

ఇదంతా చెప్పి నాన్నమ్మ కాసేపు ఊరుకుని, ఒకసారి మాత్రం మావగారు బాగా తాగి ఉన్నప్పుడు ఒక మాట అన్నాడే, ఆ చెట్టు దగ్గరికి వెళ్దామనుకున్నాను కానీ రోడ్డు వేరే వైపు వేశారు అని, అంది. అప్పుడు నాన్నమ్మకి అర్థం కాలేదట, తాగిన మాట అనుకుంది. నాకు చెప్తూ చెప్తూ తనే ఆగిపోయింది. నాన్నమ్మకి 81 ఏళ్ళు, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది, ఆ ముసలాయన కోసం ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు.

ఆ రాత్రి డాబా మీద వాణ్ణి మళ్ళీ అడిగాను, ఈసారి దేశం అనకుండా చెప్పరా అని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆరోజు 5 నిమిషాల 20 వచ్చిందని ఇంటికొచ్చి చెప్పాం కదా అక్కా, నాన్న నా భుజం మీద చెయ్యేశాడు, అంతకుముందు ఎప్పుడూ వెయ్యలేదు అన్నాడు. ఇంకా ఏదో ఉంది కానీ అంతే చెప్పాడు. హవల్దార్ బాబాయ్ గారూ, మీ కుర్చీ గుర్తొచ్చింది నాకు. వాణ్ణి ఇంకేమీ అడగలేదు.

వెళ్ళడం ఆగదని నాకు తెలిసిపోయింది. భయం తగ్గలేదు. బాబాయ్ గారూ, ట్రంకు ఇక్కడ బరంపురంలో కొనాలా, అక్కడ కొంటారా? నాన్నమ్మ ఆ బిళ్ళ కూడా వాడి వెంట పంపమంటోంది, పంపమంటారా?


జయపురం_కుర్రాడు:

అక్కా, చదివాక ఏం రాయాలో తెలీట్లేదు. డబ్బే అని నేను మొదట రాసిన మాట అలాగే ఉంచుతున్నాను కానీ అదొక్కటే అన్నట్టు రాశాను, అది తప్పు. మీ తమ్ముడికి ఆల్ ది బెస్ట్ చెప్పండి. చెవి పరీక్షలో నేను పోయాను కాబట్టి సూరత్ అన్నయ్య సంగతి చదివినప్పుడు మనసు అదోలా అయ్యింది.


హవల్దార్_పర్లాకిమిడి:

తల్లీ, బిళ్ళ పంపొద్దు. ట్రైనింగ్ బ్యారక్‌లో సామాను పది చేతులు మారుతుంది, పోతే మళ్ళీ రాదు. చెక్కపెట్టెలో నాన్నమ్మ ఎలా ఉంచిందో అలాగే ఉంచండి, మొదటి సెలవుకి వచ్చినప్పుడు చూసుకుంటాడు. ఆ రంగం కథ మాత్రం ఒక నోటుబుక్కులో రాసిపెట్టు, నాన్నమ్మ నోట్లోంచి ఎలా వచ్చిందో అలాగే, దారిలో పోయిన ముత్తాత తమ్ముడి పేరుతో సహా. మా సోంపేట వాడి గురించి ఎవరూ రాయలేదు.

ట్రంకు ఇక్కడ కొనొద్దు, సెంటర్లో వాళ్ళు చెప్పిన సైజు తీసుకోవాలి, పేరూ నంబరూ తెల్లరంగుతో అక్కడే రాయిస్తారు. ఇప్పటికి గట్టి జిప్పున్న బ్యాగు చాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో వేసి పైన కాకుండా బట్టల మధ్య పెట్టండి, జిరాక్సులు వేరే. ఫోటోలు ఓ 20 తీయించండి, అడుగుతూనే ఉంటారు. రెండు తాళాలు, సూదీ దారం, కాళ్ళ పగుళ్ళకి రాసుకునేది ఏదైనా. కొత్త బూట్లు కొనివ్వకండి, వాడు రోజూ పరిగెత్తిన పాత బూట్లే వేసుకెళ్ళమను.

మొదటి నెలా రెండు నెలలూ ఫోను చేతికివ్వరు. ఆదివారం ఇస్తారేమో, ఇవ్వకపోనూవచ్చు. మీ అమ్మకి ఈ సంగతి ఇప్పుడే చెప్పు, అప్పుడు చెప్తే భయపడుతుంది. ఫోనొచ్చినా రెండు నిమిషాలే, వెనక లైను ఉంటుంది, వాడు బాగున్నాను అంటాడు, బాగోకపోయినా అదే అంటాడు, తిన్నావా అని మాత్రం అడగండి.

స్టేషన్‌కి నాన్నని కూడా తీసుకెళ్ళు. బరంపురంలో బండి నాలుగైదు నిమిషాలకి మించి ఆగదు, జనం తోసేస్తారు, సీటు వెతుక్కోవడంలోనే అయిపోతుంది. చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఇంటి దగ్గరే చెప్పేసి బయల్దేరండి.